ఖజానాకు తోబుట్టువు మ్యాగజైన్

భారత స్వాతంత్ర్య పోరాట చరిత్రను ఇంగ్లీషులో చదివే విద్యార్థికి 1857 నాటి ఘట్టంలో ఒక విచిత్రమైన విషయం ఎదురవుతుంది. ఆ ఏడాది మే 11న మీరట్ నుంచి వచ్చిన సిపాయీలు ఢిల్లీలో ప్రవేశించారు. అదే రోజు మధ్యాహ్నం అక్కడి ‘మ్యాగజైన్’ను కాపాడుతున్న బ్రిటిషు అధికారి విలోబీ, అది సిపాయీల చేతికి చిక్కకుండా దానిని పేల్చివేయించాడు. ఆ పేలుడులో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. కశ్మీరీ గేటు సమీపంలో ఆ కట్టడపు ద్వారాలు నేటికీ శిథిలావస్థలో నిలిచి ఉన్నాయి.

మ్యాగజైన్ అంటే పత్రిక అని మాత్రమే తెలిసిన పిల్లవాడు ఇక్కడ ఆగిపోతాడు. పత్రికను పేల్చివేయడమేమిటి? అందులో అంతమంది మరణించడమేమిటి? నిఘంటువు తెరిచి చూస్తే అతనికి మరికొన్ని అర్థాలు కనిపిస్తాయి. ఆయుధాలూ మందుగుండూ నిల్వచేసే చోటు మ్యాగజైన్. తుపాకీలో తూటాలు నింపే పెట్టె కూడా మ్యాగజైన్. నెలనెలా ఇంటికి వచ్చే సచిత్ర పత్రిక కూడా మ్యాగజైనే. ఈ మూడింటికీ పరస్పర సంబంధం ఏమిటో చాలా నిఘంటువులు ఒక్క వాక్యంలోనైనా చెప్పవు. అందుచేత విద్యార్థి మూడు అర్థాలనూ మూడు వేర్వేరు మాటల్లా కంఠస్థం చేస్తాడు. పరీక్ష ముగిసిన మరునాడే రెండింటిని మరచిపోతాడు.

ఒక మాటను దాని పుట్టింటి వరకు వెంబడిస్తే ఈ అవస్థ ఉండదు. మీ చేతిలో ఉన్న ఈ పత్రికకు లోకం పెట్టిన పేరునే మనం ఈ నెల అలా వెంబడిద్దాం.

పుట్టినిల్లు

అరబీ భాషలో అధిక భాగం మాటలు మూడు హల్లుల మూలధాతువు నుంచి పుడతాయి. ‘ఖ-జ-న’ అటువంటి ఒక ధాతువు. భద్రపరచడం, నిల్వచేయడం దాని అర్థం. ‘ఖజన’ అంటే నిల్వచేశాడు అని. నిల్వచేసి కాపాడేవాడు ‘ఖాజిన్’. నిల్వచేసే చోటు ‘మఖ్‌జన్’.

ఈ చివరి మాట నిర్మాణం మన పాఠకులకు కొత్తదేమీ కాదు. అరబీలో ధాతువుకు ముందు ‘మ’ చేర్చి ఆ పని జరిగే చోటును సూచించడం ఒక పద్ధతి. సజ్దా చేసే చోటు మస్జిద్. పాఠం నేర్చే చోటు మద్రసా. వ్రాత నేర్చే చోటు మక్తబ్. ఖబ్రు ఉన్న చోటు మక్బరా. ప్రయాణికుడు దిగి విశ్రమించే చోటు మన్‌జిల్. తెలుగువారు నిత్యం వాడే ‘మజిలీ’ ఈ మన్‌జిల్ నుంచి వచ్చినదే. అదే తీరున సరుకు భద్రపరిచే చోటు మఖ్‌జన్ అయింది. మస్జిద్‌కు బహువచనం మసాజిద్ అయినట్లే మఖ్‌జన్‌కు బహువచనం మఖాజిన్. ఈ బహువచన రూపమే సముద్రం దాటి మ్యాగజైన్ అయిందని భాషావేత్తలు నిర్ధారించారు.

ఇదే ధాతువు నుంచి పుట్టిన మరో మాట ‘ఖిజానా’. అది పారశీకం, ఉర్దూ భాషల మీదుగా ప్రయాణించి తెలుగులో ‘ఖజానా’గా స్థిరపడింది. నేటికీ మన పట్టణాల్లో ‘ఉప ఖజానా కార్యాలయం’ అనే ప్రభుత్వ ఫలకాలు కనిపిస్తాయి. ఖజానా లెక్కలు చూసే వ్యక్తి ఖజాంచీ. దవాఖానా, కార్ఖానా వంటి మాటల్లోని ‘ఖానా’కు మాత్రం దీనితో చుట్టరికం లేదు. అది ఇల్లు, చోటు అనే అర్థం గల పారశీక పదం.

అంటే ఖజానా, మ్యాగజైన్ ఒకే ధాతువుకు పుట్టిన తోబుట్టువులు. ఒకటి భూమార్గాన తూర్పునకు వచ్చి మన ప్రభుత్వ కార్యాలయంలో కుదురుకుంది. రెండవది సముద్రమార్గాన పడమటికి వెళ్ళి, శతాబ్దాల తరువాత ఇంగ్లీషు వేషంలో మన ఇంటికి వచ్చింది. ఒకే ఇంటి బిడ్డలని తెలియక ఒకదానిని మన మాట అంటున్నాం, రెండవదానిని పరాయి మాట అంటున్నాం.

రేవు నుంచి రేవుకు

మధ్యయుగాల్లో మధ్యధరా సముద్రపు వర్తకం అరబ్బు రేవులనూ ఇటలీ, ఫ్రాన్సు రేవులనూ కలిపి ఉంచింది. ఓడలో సరుకుతో పాటు ఆ సరుకుకు సంబంధించిన మాటలూ దిగుతాయి. సుంకాల పట్టికకు ఇంగ్లీషువారు వాడే ‘టారిఫ్’ అరబీ ‘తఅరీఫ్’ నుంచి వచ్చింది. నౌకాదళాధిపతిని సూచించే ‘అడ్మిరల్’లో ‘అమీర్’ దాగి ఉన్నాడు. ఆ వరుసలోనిదే మఖాజిన్. 13వ శతాబ్దం నాటికే అది ఫ్రాన్సులోని మార్సెయ్ రేవు పట్టణపు లాటిన్ పత్రాల్లో సరుకుల గిడ్డంగి అనే అర్థంతో చోటు సంపాదించింది. ఇటలీ వర్తకులు దానిని ‘మగజ్జీనో’ అన్నారు. ‘ఖ’ ధ్వని వారి నోటికి అలవాటు లేనిది కనుక ‘గ’గా మారింది.

ముస్లిముల పాలనలో ఉన్న స్పెయిన్‌లో ఈ మాట మరో దారి పట్టింది. అక్కడి ప్రజలు అరబీ ‘అల్’ను కూడా మాటలో భాగమే అనుకుని ‘అల్ మఖ్‌జన్’ను ‘అల్మసేన్’గా మార్చుకున్నారు. నేటికీ స్పానిష్ భాషలో గిడ్డంగికి అదే పేరు. ఫ్రెంచివారి ‘మగజాఁ’ మొదట గిడ్డంగి, తరువాత దుకాణం. రష్యన్ భాషలో కూడా ‘మగజీన్’ అంటే దుకాణమే. వైద్యవిద్య కోసం రష్యాకు వెళ్ళే మన తెలుగు విద్యార్థులు వీధిలో ఆ ఫలకం చూసి పుస్తకాల కోసం లోపలికి వెళితే అక్కడ వారికి రొట్టెలూ పాలూ కనిపిస్తాయి. తుర్కీ భాషలోని ‘మఆజా’ కూడా దుకాణమే. మొరాకో దేశంలో మాత్రం ‘మఖ్‌జన్’ అంటే రాజ్యవ్యవస్థ. పన్నుల ధాన్యమూ ధనమూ చేరే చోటు పేరు చివరకు పాలకులకే పేరైంది.

గిడ్డంగి మాటల ప్రయాణంలో మన తీరానికీ వాటా ఉంది. ఇంగ్లీషువారి ‘గోడౌన్’ మలయా భాష ద్వారా వారికి చేరింది. దాని మూలాన్ని నిఘంటుకారులు తెలుగు ‘గిడ్డంగి’, తమిళ ‘కిడంగు’ వంటి దక్షిణాది మాటల్లో చూపుతారు. బంగాళాఖాతపు వర్తకులు కూడా తమ సరుకు దాచే చోటు పేరును ఓడెక్కించి పంపారన్నమాట. వర్తకం ఎక్కడ సాగితే అక్కడ గిడ్డంగి, దాని పేరూ వెళతాయి.

ధాన్యం, మందుగుండు, జ్ఞానం

మన మాట 16వ శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లీషులో ప్రవేశించింది. మొదటి అర్థం సరుకుల గిడ్డంగి. కొద్దికాలంలోనే సైన్యం దానిని తన సొంతం చేసుకుంది. కోటల్లో, ఓడల్లో మందుగుండు దాచే గది మ్యాగజైన్ అయింది. తరువాత తుపాకీలో తూటాల నిల్వ ఉండే చిన్న పెట్టెకు కూడా అదే పేరు వచ్చింది. ఈ అర్థం నేటికీ సజీవంగా ఉంది. బొగ్గుగనుల్లో బాంబుపేలుళ్ళకు వాడే పదార్థాల నిల్వగదిని మ్యాగజైన్ అనే పిలుస్తారు. ఢిల్లీలో 1857లో పేలినది ఇటువంటి ఆయుధాగారమే.

అయితే ఆ మాట పుస్తకంలోకి ఎలా వచ్చింది? గిడ్డంగిలో సరుకు ఉన్నట్లే ఒక గ్రంథంలో ఒక విద్యకు సంబంధించిన సమాచారమంతా ఉండవచ్చునని రచయితలు భావించారు. 1669లో శామ్యూల్ స్టర్మీ అనే నావికుడు ఓడలు నడిపే విద్యపై ఒక పెద్ద గ్రంథం ప్రచురించి దానికి ‘మెరైనర్స్ మ్యాగజైన్’ అని పేరు పెట్టాడు. అంటే నావికుని విజ్ఞాన భాండాగారం అని అర్థం. అది పత్రిక కాదు, ఒకే సంపుటంగా వచ్చిన పుస్తకం.

పత్రికకు ఈ పేరు పెట్టిన ఘనత ఎడ్వర్డ్ కేవ్ అనే లండన్ ముద్రాపకునికి దక్కింది. 1731 జనవరిలో ఆయన ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ అనే మాసపత్రిక ప్రారంభించాడు. అప్పటికి లండన్‌లో దినపత్రికలూ వారపత్రికలూ అనేకం వెలువడుతున్నాయి. వాటన్నింటినీ కొని చదివే స్తోమత గానీ తీరిక గానీ అందరికీ ఉండవు. నెల పొడుగునా వాటిలో వచ్చిన విశేషాలను ఏరి ఒకచోట చేర్చి అందించాలన్నది కేవ్ ఆలోచన. పట్టణవాసులూ పల్లెవాసులూ తన పాఠకులు కావాలనే ఉద్దేశంతో ఆయన సంపాదకునిగా ‘సిల్వేనస్ అర్బన్’ అనే మారుపేరు పెట్టుకున్నాడు. అందులో మొదటి మాట అడవిని, రెండవది నగరాన్ని సూచిస్తుంది. ఆ పత్రిక 20వ శతాబ్దపు ఆరంభం వరకు నిలిచింది.

ప్రసిద్ధ నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ యువకునిగా ఉన్నప్పుడు కేవ్ పత్రికలోనే పని చేశాడు. 1755లో తన మహానిఘంటువు ప్రచురించినప్పుడు మ్యాగజైన్ అనే మాటకు మొదట ఆయుధాగారం, ఆహారపదార్థాల నిల్వగది అనే అర్థాలే ఇచ్చాడు. కేవ్ పత్రిక కారణంగా ఈ మధ్య దీనికి పత్రిక అనే అర్థం కూడా వచ్చిందని తరువాత పేర్కొన్నాడు. నేడు ఆ వరుస తలక్రిందులైంది. పత్రిక అనే అర్థం ముందుకు వచ్చింది, గిడ్డంగి వెనుకకు జరిగింది.

పుస్తకాలను నిల్వ సంపదగా చూడటం మాత్రం కేవ్‌తో మొదలు కాలేదు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అరబీలో గ్రంథాలయాన్ని ‘ఖిజానతుల్ కుతుబ్’ అనేవారు. అంటే పుస్తకాల ఖజానా అని. దాని సంరక్షకుడు ఖాజిన్. 10, 11వ శతాబ్దాల్లో జీవించిన సుప్రసిద్ధ చరిత్రకారుడు మిస్కవైహ్ రయ్ నగరంలో ఒక మంత్రిగారి గ్రంథాలయాన్ని చూసుకున్నందువల్ల ‘అల్ ఖాజిన్’ అని పిలువబడ్డాడు. ఇంగ్లీషువారు 17వ శతాబ్దంలో చేరుకున్న భావన ఆ ధాతువుకు తన పుట్టింటిలో ఎప్పటినుంచో పరిచితమైనదే.

1901లో మరో ముచ్చట జరిగింది. షేఖ్ అబ్దుల్ ఖాదిర్ లాహోర్ నుంచి ఒక ఉర్దూ సాహిత్య మాసపత్రిక ప్రారంభించి దానికి ‘మఖ్‌జన్’ అని పేరు పెట్టారు. దాని తొలి సంచికలోనే ఇక్బాల్ ‘హిమాలా’ కవిత వెలువడింది. వందల ఏళ్ళ క్రితం పడమటికి వెళ్ళిన మాట అక్కడ పత్రికగా మారగా, దాని తొలి రూపం తూర్పున మళ్ళీ ఒక పత్రికకు పేరుగా నిలిచింది. అరబ్బులు మాత్రం నేడు పత్రికను ‘మజల్లా’ అంటారు. వారికి మఖ్‌జన్ ఇప్పటికీ సరుకు గదే.

పలుకుబడి, ప్రయోగం

మాట మూలం తెలిసింది కనుక దాని వాడుకను కూడా గమనిద్దాం. మనం తెలుగులో ‘మ్యాగజైన్’ అని వ్రాస్తాం, అలాగే పలుకుతాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అది తప్పేమీ కాదు, మన భాషలో అలాగే స్థిరపడింది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం చివరి ధ్వని ‘జీన్’ అని పలకాలి. ‘మెషీన్’ను మనం మెషైన్ అనం కదా! ఆ రెండు మాటలూ ఫ్రెంచి మీదుగా వచ్చినవే కనుక రెండింటికీ చివర ‘ఈన్’ ధ్వనే ఉంటుంది. మఖాజిన్‌లోని ‘జిన్’ను గుర్తుంచుకున్న పిల్లలు ఈ ఉచ్చారణను ఎన్నడూ మరువరు.

మ్యాగజైన్‌కూ జర్నల్‌కూ తేడా ఉంది. జర్నల్ అనే మాట రోజు అనే అర్థం గల లాటిన్ పదం నుంచి వచ్చింది. మొదట అది దినచర్య పుస్తకం. నేడు ఒక శాస్త్రానికి సంబంధించిన పరిశోధన వ్యాసాల పత్రికను ఎక్కువగా ఆ పేరుతో పిలుస్తున్నారు. భిన్న విషయాలపై భిన్న రచయితలు సామాన్య పాఠకుల కోసం వ్రాసినవాటి సమాహారం మ్యాగజైన్. ఆ మాటను చదివేటప్పుడు పక్కన ఉన్న మాటలను చూడాలి. సైనికుడు, ఓడ, గని, తుపాకీ కనిపిస్తే ఆయుధాగారమో తూటాల పెట్టెయో అని గ్రహించాలి. సంపాదకుడు, ముఖచిత్రం, చందా కనిపిస్తే అది పత్రిక.

తెలుగులో పత్రిక అనే మాటకు ఆకు అనే అర్థం గల ‘పత్రం’ మూలం. అది రచనకు ఆధారమైన వస్తువును చూపుతుంది. కానీ ఒక్కో నెల వెలువడే పత్రికను మనం ‘సంచిక’ అంటాం. ఆ మాట సంచయం, సంచితం అనే మాటల కుటుంబానికి చెందినది. పోగుచేయడం, కూడబెట్టడం దాని భావం. అరబీలోని మఖ్‌జన్, మన సంచిక ఒకే ఊహను రెండు భాషల్లో చెబుతున్నాయి.

గిడ్డంగిలో ఏముంది?

ఈ మాట చరిత్ర మొత్తంలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. ధాన్యం దాచే చోటుకూ మందుగుండు దాచే చోటుకూ ఒకటే పేరు. బయటి గోడలు చూసి లోపల ఏముందో చెప్పలేం. ఒకటి కరువులో ప్రాణాలు నిలుపుతుంది, మరొకటి ఒక్క నిప్పురవ్వతో వీధిని బూడిద చేస్తుంది.

దివ్యఖుర్‌ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసినదే. రానున్న ఏడేళ్ళ కరువు గురించి రాజు కన్న కలకు భావం చెప్పిన తరువాత, దేశపు నిల్వాగారాల బాధ్యత తనకు అప్పగించమని ఆయన కోరారు. అక్కడ వచ్చే మాట ‘ఖజాయిన్’, మన ధాతువు నుంచి పుట్టినదే. ఆ బాధ్యతకు తాను తగినవాడినని చెబుతూ ఆయన రెండు గుణాలను ముందుంచారు. ఒకటి కాపాడే స్వభావం, రెండవది జ్ఞానం. సమృద్ధి ఉన్నప్పుడు దాచడమూ, అవసరం వచ్చినప్పుడు పంచడమూ ఆ రెండు గుణాలతోనే సాధ్యమయ్యాయి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక హదీసులో విశ్వసనీయుడైన ఖాజిన్ గురించి చెప్పారు. తనకు ఆదేశించినంతా, తగ్గించకుండా, సంతోషంగా, ఇవ్వవలసిన వారికే అందించే ఖాజిన్ దానం చేసినవారిలో ఒకడిగా లెక్కించబడతాడని దాని భావం. ధనం అతనిది కాదు. అయినా నిజాయితీగా అందించినందుకు దాత పుణ్యంలో అతనికి భాగం ఉంది.

పత్రిక నడిపే మా వంటివారికి ఈ ఖాజిన్ బాధ్యత వర్తిస్తుంది. మేము అందించే జ్ఞానం మేము సృష్టించినది కాదు. ఎందరో పెద్దలు కూడబెట్టినదాన్ని కల్తీ లేకుండా, తూకం తగ్గించకుండా పాఠకులకు చేర్చడమే మా పని. అయితే నేడు ఈ బాధ్యత సంపాదకులతో ఆగడం లేదు. ప్రతి ఇంట్లోనూ, ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది. అందులోకి రోజూ వచ్చిపడే వార్తలు, చిత్రాలు, వీడియోలు అన్నీ నిల్వ ఉంటున్నాయి. వాటిలో కొన్ని ధాన్యం, కొన్ని మందుగుండు. ఎవరో పంపిన వదంతిని నిజమో కాదో విచారించకుండా పది మందికి పంపే వ్యక్తి తన చేతిలోని నిల్వకు తానే నిప్పు పెడుతున్నాడు. ఆ మంట ఏ వీధికి చేరుతుందో అతనికి తెలియదు. ఒక కుటుంబం మీద పడిన నింద, రెండు వాడల మధ్య రగిలిన పగ చాలాసార్లు అటువంటి ఒక్క రవ్వతోనే మొదలవుతాయి. పంపే ముందు ఖాజిన్ అడగవలసిన ప్రశ్నలు మూడే: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? కల్తీ ఉందా? అందుకునేవారికి ఇది ఆహారమా, అగ్నియా?

మాటల విషయంలోనూ ఇదే పద్ధతి మేలు చేస్తుంది. ఇంగ్లీషు అంటే భయపడే పిల్లలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. అది తమది కాని భాష అనే భావనే ఆ భయానికి సగం కారణం. వారికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. వారానికి ఒక్క మాట చాలు. ఆ మాట మొదట ఏ ఊరిలో పుట్టింది, ఎవరి వెంట ప్రయాణించింది, దారిలో ఏ అర్థాలు కూడబెట్టుకుంది, నేడు ఎక్కడ ఎలా వాడుతున్నాం అనే నాలుగు సంగతులు వ్రాయించండి. మ్యాగజైన్ తరువాత టారిఫ్, దాని తరువాత అడ్మిరల్, ఆపైన గోడౌన్. ఖజానా, మస్జిద్, మజిలీ వంటి మాటలు తెలిసిన బిడ్డకు ఆ పరాయి భాషలో కూడా తన బంధువులు ఉన్నారని అర్థమవుతుంది. బంధువుల ఇంటికి వెళ్ళడానికి ఎవరూ భయపడరు.

ఏడాది గడిచేసరికి ఆ పుస్తకంలో యాభై మాటలు చేరతాయి. దాని అట్ట మీద ఏ పేరు వ్రాయాలో పిల్లలకు మనం చెప్పనక్కరలేదు. తమ్ముడో చెల్లెలో వచ్చి ఒక మాటకు అర్థం అడిగినప్పుడు విసుగు లేకుండా ఆ పుస్తకం తెరిచి చూపడం మాత్రం వారికి నేర్పుదాం. అడిగినవారికి తలుపు తీసే ఖాజిన్ ఉన్నప్పుడే నిల్వచేసినదానికి సార్థకత.